మేస్త్రన్న కొట్టనన్న గుమ్మడికాయ

మేస్త్రన్న పోయాడని నాకు చెప్పింది ఫ్యాక్టరీలో పనిచేసే బీహారు అతను. పొద్దున్నే అంగడి తెరిచి పాలు పొయ్యి మీద పెట్టాను. గేటు లోపలి నుంచి పరుగున వచ్చి, వచ్చీరాని తెలుగులో "అక్కా, మేస్త్రీ లేదు. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో... లేదు అక్కా" అన్నాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ వాసనలో నిలబడి చెవులు రిక్కించి విన్నాను, ఇప్పుడు మిషన్లు ఆగుతాయి కదా అని. ఆగలేదు.

"ఓనరుకు చెప్పినారా?" అని అడిగాను.

"చెప్పినా అక్కా. అయ్యో అన్నాడు. పులివెందుల లోడు సాయంత్రం పోవాల అన్నాడు."

మేస్త్రన్న గురించి నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో మీరెప్పుడైనా వచ్చి ఉంటే, మా ఫ్యాక్టరీ గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీ చూసే ఉంటారు. అందులో ఓనరు నిలువెత్తున చేతులు జోడించుకుని నిలబడి ఉంటాడు. కింద మూలన, గుండ్రటి బొమ్మలో, మా మేస్త్రన్న. పైన 'మా మామకు కన్నీటి వీడ్కోలు' అని, అడుగున 'కులమతాలకు అతీతమైన బంధం' అని రాయించారు. పోయినవాడెవరో, ఏడ్చేవాడెవరో తెలియని బొమ్మ అది. దాన్ని రోజూ చూస్తూ టీ కాచుకోవడం నా వల్ల కావడం లేదు. అందుకని రాస్తున్నాను. ఇంటరు దాకా చదివాను, రాయడం వచ్చు. నోరు అంతకంటే బాగా వచ్చు, ఆ సంగతి మా రోడ్డు మీద అందరికీ తెలుసు.

మాది కొండాపురం దగ్గరి ఊరు. గండికోట నీళ్లలో ఊరు మునిగాక మాకు కాలనీలో ఇల్లు వచ్చింది, చేను రాలేదు. మా ఆయన ఆటో తోలుతాడు. నేను ఈ బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ అంగడి పెట్టుకున్నాను. పెట్టిన మొదటి వారంలోనే మేస్త్రన్న వచ్చి, నా చెక్కబల్ల కేసి చూసి, "ఏమ్మే చెల్లా, బండల ఫ్యాక్టరీ ముందర చెక్కబల్ల ఏంది, మాకు పరువు తక్కువ" అన్నాడు. మరుసటి వారం ఓనరును అడిగి ఒక విరిగిన బండ తెచ్చుకుని, అన్నం వేళలో కూర్చుని దాన్ని పాలిష్ పట్టి, ఆయనే మోసుకొచ్చి వేశాడు. ఈనాటికీ దాని మీద గ్లాసు పెడితే గ్లాసు నీడ కనబడుతుంది. టీ తాగినంతసేపూ బొటనవేలితో ఆ బండను రుద్దుతూ ఉండేవాడు. మిషను కాడ కూడా ఏళ్ల తరబడి బండలను అలా రుద్దీ రుద్దీ ఆయన వేలికి గీతలే లేకుండా పోయాయి. రేషను అంగట్లో మిషను ఆయన వేలిని ఒప్పుకునేది కాదు. వదిన పోయి వేలు వేసి బియ్యం తెచ్చుకునేది. "నేను ఉండానో లేనో ఆ మిషనుకే అనుమానంగా ఉండాది చెల్లా" అని నవ్వేవాడు.

ఫ్యాక్టరీ అంటే పెద్ద రేకుల షెడ్డు. అందులో పాలిష్ మిషన్లు రెండు. మొదటిది మేస్త్రన్నది. ఓనరు నాయన ఈ షెడ్డు వేసిన రోజు నుంచీ ఆయనే దాని మీద ఉన్నాడు. రెండో మిషను మీద ఓనరుకు వరసకు బామ్మర్ది అయ్యే అతను. రెండింటికీ ఒకటే బండ, ఒకటే నీళ్లు, పొద్దున అదే బెల్లు, సాయంత్రం అదే బెల్లు. బామ్మర్దికి పని నేర్పింది కూడా మేస్త్రన్నే. కానీ జీతం మాత్రం బామ్మర్దికి ఎక్కువ. కాస్త ఎక్కువ కాదు, మేస్త్రన్న ఇంటి బాడుగ కట్టి, పిల్లకు పుస్తకాలు కొని, ఇంకా మిగిలేటంత ఎక్కువ. ఇందులో దాపరికం ఏమీ లేదు. జీతాల రోజు ఇద్దరూ నా బండ మీదే పక్కపక్కన కూర్చుని టీ తాగేవాళ్లు. బామ్మర్ది చెడ్డవాడని నేను అనను. ఆయనకు అదొక తేడా అనే తోచలేదు, అంతే. ఎండకాలంలో ఎండ ఉన్నట్టు, తనకు ఎక్కువ ఉంది.

నాకు తోచింది. "ఏందన్నా ఇది? అడగవా?" అన్నాను ఒకసారి.

"అడిగితే ఏమంటాడో తెల్సా చెల్లా? నువ్వు మా ఇంటి మనిషివి గదా మామా, నీకూ నాకూ లెక్కలేంది, అంటాడు."

ఓనరు ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఎప్పుడూ మామా అనే. కారు దిగుతూనే "ఏం మామా, బాగుండావా? అత్త బాగుండాదా?" ఎంత తీయగా పిలిచేవాడంటే, కొత్తవాళ్లు చూస్తే నిజంగానే పిల్లనిచ్చిన మామేమో అనుకునేవాళ్లు. ఆ పిలుపు గురించి మేస్త్రన్న సాసర్లో టీ పోసుకుంటూ అన్న మాట ఒకటి నా చెవిలోంచి పోదు.

"బామ్మర్దికి జీతం ఇస్తారు చెల్లా. మామకు మర్యాద ఇస్తారు."

ఆ మర్యాదను ఓనరు అందరికీ చూపించుకునేవాడు కూడా. బ్యాంకువాళ్లు వచ్చినా, బయటి ఊళ్ల నుంచి బండలు కొనేవాళ్లు వచ్చినా అందర్నీ వరసగా నిలబెట్టి, మేస్త్రన్న భుజం మీద చెయ్యి వేసి, "మా దాంట్లో హిందువులుండారు, సాయిబులుండారు, బీహారోళ్లుండారు. ఒకటే కుటుంబం సార్ మాది" అనేవాడు. అట్లా ఒకసారి తీయించిన ఫోటోను ఆఫీసు గోడకు కట్టించాడు కూడా. ఫ్లెక్సీలో గుండ్రంగా కత్తిరించి వేసిన బొమ్మ అందులోదే. జాగ్రత్తగా చూస్తే మేస్త్రన్న భుజం మీద ఓనరు వేళ్లు ఇంకా కనబడతాయి.

ఇక ఆయుధ పూజ సంగతి చెప్పాలి. దసరా ముందు రోజు మిషన్లన్నీ కడిగి, కుంకుమ పెట్టి, పూలు వేసి పూజ చేస్తారు. ప్రొద్దుటూరు నుంచి ఓనరు ఇంట్లోవాళ్లు, పులివెందుల నుంచి వియ్యంకులు కార్లలో వస్తారు. అన్నిటికంటే ఆఖరున, బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మిషన్లకు దిష్టి తీసి, గేటు ముందు పగలగొడతారు. ఆ కాయ కొట్టే పని మేస్త్రన్నది. పెద్దాయన, అంటే ఓనరు నాయన, పెట్టిన ఆనవాయితీ అది. "సాయిబు చెయ్యి పడితేనే నా మిషను తిరుగుతాది" అనేవాడట. మేస్త్రన్న ఐదు పూటలా నమాజు చేసే మనిషి. గుమ్మడికాయ కొడతాడని మసీదు దగ్గర కొందరు మూతి తిప్పుకునేవాళ్లు. వాళ్లతో ఈయన "మిషను నాది. దాని కోసం కొడతాండా" అనేవాడు.

కాయ పగిలాక ఓనరు కవర్లు పంచుతాడు. కవరంటే పండగ బోనసు, అందులో ఒక నెల జీతం. బామ్మర్దికి కవరు. డ్రైవరుకు కవరు. ఆఫీసులో కూర్చునే అతనికి కవరు. కాయ కొట్టిన మేస్త్రన్నకు బొరుగులు, ఒక అరటిపండు. "మీ పండక్కి మీకిస్తాం గదా మామా" అనేవాడు ఓనరు, ప్రతి ఏడూ అదే నవ్వు నవ్వి.

ఇచ్చేవాడు. రంజాను ముందు రోజు ఒక సంచి వచ్చేది. అందులో సేమ్యా ప్యాకెట్టు, చక్కెర, చిన్న డబ్బాలో నెయ్యి. ఒకరికి పండగంటే నెల జీతం. ఇంకొకరికి పండగంటే సేమ్యా. మతానికొక పండగ, పండక్కొక బోనసు అని ఎవరైనా పైపైన వింటే, ఆహా ఎంత బాగా ఉంది అనుకుంటారు. నాకైతే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మేస్త్రన్న ఇంట్లో ఆ సేమ్యా తినరు. అది ఆయన పట్టుదల. ఇంటికి వేరే కొనుక్కునేవాళ్లు. ఫ్యాక్టరీ ఇచ్చిన ప్యాకెట్టును మాత్రం వదిన చేత వండించి, మూత గిన్నెలో పోయించుకుని, పండగ నమాజు కాగానే కొత్త లుంగీతో నేరుగా ఓనరు దగ్గరికి తీసుకుపోయేవాడు. ఒక ఏడు నేను టీ ఇవ్వడానికి ఆఫీసులోకి పోయి నా కళ్లతో చూశాను. గిన్నె టేబులు మీద పెట్టి, నిలబడే, అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"అప్పా, ఇది నువ్వు ఇచ్చిన సేమ్యానే. నాకొద్దు. నువ్వే తిను."

ఇంతకంటే తేటగా ఎవడు చెబుతాడు? ఓనరు మొహం విచ్చుకుంది. "చూసినారా మా మామ ప్రేమ! మనమిచ్చింది గూడా మనకే పెడతాండాడు. అత్త చేతి సేమ్యా తినకుంటే మాకు రంజానే కాదు" అంటూ గిన్నె దగ్గరికి లాక్కుని స్పూను అడిగాడు. మా వైపు రంజానుకు సాయిబుల ఇళ్ల నుంచి హిందువుల ఇళ్లకు సేమ్యా పోవడం మామూలే కదా. ఓనరు దాన్ని ఆ లెక్కలోనే వేసుకున్నాడు. మేస్త్రన్న తన మొహాన కొట్టినదాన్ని ఓనరు గుటకలు వేస్తూ తిన్నాడు. ఇంకొంచెం ఉందా మామా అని అడిగాడు కూడా.

బయటికి వచ్చాక నేను ఊరుకోలేదు. వదిన దగ్గరికి పోయి, "వదినా, వచ్చే ఏడు దాంట్లో పిడికెడు ఉప్పు వెయ్యి. అప్పుడన్నా తెలుస్తాది" అన్నాను.

వదిన తల అడ్డంగా ఊపింది. "నోట్లో పెట్టుకునేదాన్ని చెడగొడితే అల్లా ఊరుకోడమ్మా. నాకు చేతగాదు" అంది. ఆమె చేతి వంట అంత బాగుండటమే వాళ్ల కర్మ. ఏడాదికేడాది మేస్త్రన్న కోపం జీడిపప్పు, నేతి వాసనతో ఆఫీసులోకి పోయింది, ఖాళీ గిన్నె వెనక్కి వచ్చింది.

తర్వాత బీహారువాళ్లు వచ్చారు. ఫ్యాక్టరీ వెనక రేకుల గదుల్లో ఉంటారు. వాళ్లలో ఒకతను మేస్త్రన్న మిషను దగ్గర బండలు ఎత్తిపెట్టే పనిలో చేరాడు. మేస్త్రన్న పోయిన పొద్దున నాకు కబురు తెచ్చినవాడు ఇతనే. పెళ్లాం పిల్లలు అక్కడ, ఇతను ఇక్కడ. ఓనరు వాళ్లందర్నీ కలిపి భయ్యా అంటాడు, కాబట్టి నాకూ అదే అలవాటైంది. వాళ్లకు పెద్ద పండగ దీపావళి దాటాక వస్తుంది. దానికేమిస్తారని అడిగితే ఓనరు, "వాళ్ల పండగలు మనకేం తెలుసు" అన్నాడు. పోనీ దసరాకు కవరిస్తారా అంటే, "వాళ్లు ఈడోళ్లు గాదు గదా." రంజాను సంచీ లేదు, వాళ్లు సాయిబులు కారు కదా. అన్ని వైపులా తలుపు ఎంత బాగా వేశాడో చూడండి.

మేస్త్రన్నా భయ్యా టీకి వస్తే వాళ్ల మాట ఉర్దూ, హిందీ కలిసి నడిచేది. నాకు సగమే అర్థమయ్యేది. ఒకరోజు మేస్త్రన్న నా వైపు తిరిగి, "నీకెంత ఇస్తాండారని అడిగినా చెల్లా. చెప్పినాడు. నాకంటే చవకైన చుట్టం దొరికినాడు ఓనరుకు" అన్నాడు. అని నవ్వాడు గానీ, ఆ రోజు సాసర్లో టీ చల్లారిపోయింది. "ఇప్పుడు భయ్యా అంటాండారు. మామా అన్న పొద్దు మాత్రం భద్రంగా ఉండు అని చెప్పినా వీనికి" అన్నాడు మళ్లీ తనే. భయ్యా అర్థమైనట్టు తలూపాడు. ఏమర్థమైందో నాకు తెలియదు.

ఆ ఏటి ఆయుధ పూజకే మేస్త్రన్న నోరు తెరిచాడు. వచ్చినవాళ్లకు టీ పోయడానికి నేను కెటిల్‌తో అక్కడే ఉన్నాను. పూజ అయింది. ఓనరు గుమ్మడికాయ తెప్పించి, "ఏం మామా, చేతులు కట్టుకోని నిలబడితివి? రా, కొట్టు" అన్నాడు.

మేస్త్రన్న కదల్లేదు.

"కవరు ఇయ్యి అప్పా. కొడతా."

"ఏ కవరు మామా?"

"రెండో మిషను ఆయనకు ఇస్తావే, ఆ కవరు. రెండు మిషన్లకూ కుంకుమ ఒకటే పెట్టినావు. కవరు గూడా ఒకటే పెట్టు. జీతం గూడా."

పులివెందుల వియ్యంకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఓనరు నవ్వు చెదరలేదు, అదీ ఆయన గొప్పతనం. "మీ పండక్కి ఇస్తాండాం గదా మామా, ఎప్పుడన్నా తప్పినామా?" అన్నాడు.

"సేమ్యా ఇస్తాండావు. నేను సేమ్యా పాలిష్ పట్టలా అప్పా. బండలు పట్టినా."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది మేస్త్రన్న మాటకో, మేస్త్రన్నను చూసో తెలియదు. ఓనరు కూడా నవ్వుతూనే, "మామకు వయసైపాయ. ఈ పొద్దు పానం బాగలేనట్టుండాది" అని చుట్టాలకు చెప్పి, "భయ్యా, ఇదర్ ఆ" అని చెయ్యి ఊపాడు. ఏం జరుగుతోందో తెలియక భయ్యా పరుగున వచ్చాడు. చేతిలో కాయ పెడితే, తనకేదో గౌరవం దక్కిందనుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, గేటు ముందు ధడేల్మని కొట్టాడు. ముక్కలు మేస్త్రన్న కాళ్ల దాకా వచ్చి పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా మిషను బెల్టు తెగింది. బెల్టన్నాక తెగుతుంది, అంతకుముందు ఎన్నిసార్లు తెగలేదు! కానీ ఈసారి ఓనరు బెల్టు కేసి చూడలేదు, మేస్త్రన్న కేసి చూశాడు. "పండగ పూట నోటి నుంచి అట్లాంటి మాట రాకూడదు మామా" అన్నాడు, కోపంగా కూడా కాదు, బాధగా. ఆ మాటతోనే ఆయన్ను మిషను మీద నుంచి దించి, వెనక షెడ్డులో బండల అంచులు కోసే పనికి వేశాడు. "కూర్చోని చేసుకునే పని మామా. నీ మేలు కోరి చెప్తాండా" అన్నాడు. పాలిష్ మిషను దగ్గర నీళ్లు పారుతూ ఉంటాయి, దుమ్ము లేవదు. అంచులు కోసే చోట నీళ్లు లేవు. అక్కడ రోజంతా పిండి మిల్లులో ఉన్నట్టే, ఆ పిండి రాతిది. మిషను దిగాడు కాబట్టి జీతం కూడా దిగింది. మొదటి మిషను భయ్యాకు ఇచ్చారు, మేస్త్రన్న జీతం కంటే తక్కువకు.

మేస్త్రన్న అప్పుడన్నా మానేసి ఉండాల్సింది. నేనూ అన్నాను, వదినా అంది. "యాడికి పోవాల చెల్లా? ఏ గేటు కాడికి పోయినా ఎవుడో ఒకడు మామా అంటాడు" అన్నాడు. సాయంత్రం నా అంగడి దగ్గరికి వస్తే కనుబొమ్మలు, మీసం, చెవుల్లో వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. మూతికి కట్టుకున్న తువ్వాలు విప్పితే ముక్కు కింద మాత్రం మనిషి రంగు కనబడేది. టీ తాగుతూ దగ్గేవాడు. దగ్గు ఆగాక ఏమీ జరగనట్టు మిగిలిన టీ తాగేవాడు. భయ్యా ఆయనకు మొహం చాటేసి తిరుగుతుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వేం చేస్తావురా, వాడు పిలిచినాడు, పోయినావు" అని, మిషను ఎట్లా మొరాయిస్తే ఏం చెయ్యాలో చెప్పేవాడు. తెలుగు కూడా నేర్పాడు, ఎక్కువేం కాదు, పనికి కావలసిన నాలుగు ముక్కలు.

ఈ ఏడు రంజానుకు ఆయన నడవలేకపోయాడు. పనికి పోక అప్పటికే నెల దాటింది. అయినా సంచి వచ్చింది. వదిన వండింది. మేస్త్రన్న మా ఆయన ఆటోలో కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఆఫీసు మెట్ల మీద నేను రెక్క పట్టుకున్నాను. లోపలికి పోయి గిన్నె టేబులు మీద పెట్టి, "నువ్వు ఇచ్చిందే అప్పా. నాకొద్దు" అన్నాడు. ఇంకేదో అనబోయి దగ్గు అందుకుంది. ఓనరు స్పూను అందుకుంటూ, ఆ దగ్గు పడకుండా గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు ఆగేదాకా అట్లాగే పెట్టుకుని, ఆగాక తిన్నాడు. "మామా, ఈ యేడు ఇంకా బాగుండాది" అన్నాడు. థూ, మనిషి జన్మ.

మేస్త్రన్నను ఆస్పత్రిలో చేర్చాక ఓనరు ఆపిలు పండ్లు తీసుకుని వచ్చాడు కూడా. నేను వదినకు తోడుగా అక్కడే ఉన్నాను. మంచం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాక, వంగి, "ఏం గావాలన్నా అడుగు మామా. మొగమాటపడొద్దు" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉన్నాయి. మేస్త్రన్న ముక్కుకు గొట్టం ఉంది. ఊపిరి ఊపిరికీ ఆగుతూ చెప్పాడు.

"రెండో మిషనుకు... ఎంత ఇస్తాండావో... అంత. ఒక్క నెల... ఇయ్యప్ప. చేత్తో... పట్టుకోని చూస్తా."

"ముందు నువ్వు లేచి రా మామా. అవన్నీ మాట్లాడుకుందాం" అని భుజం తట్టాడు ఓనరు. ఫోటోలో ఉన్న భుజమే. మేస్త్రన్న కళ్లు మూసుకున్నాడు. పండ్లు బుట్టలోనే మెత్తబడిపోయాయి, వదిన ఒక్కటి కూడా తాకలేదు.

మట్టి చేసిన రోజు ఫ్యాక్టరీ మూయలేదు. ఓనరు నాయన పోయినప్పుడు పదకొండో రోజు దాకా గేటు తెరవలేదు. ఇదేందని నేను ఓనరును అడిగితే, "పనంటే పానం మామకు. మిషను ఆపితే మామ ఆత్మ ఊరుకుంటాదా?" అన్నాడు. అని తనే ముందు నిలబడి జనాజా భుజానికెత్తుకున్నాడు. మా అందరికీ వినబడేలా ఏడ్చాడు. బామ్మర్ది వెనకే నడిచాడు. గుంత మీద పరిచే బండలు తన ఖర్చేనన్నాడు ఓనరు. ట్రాక్టరులో వచ్చాయి. నా అంగడి ముందే ఆగితే చూశాను, అంచులు విరిగి, మధ్యలో పగుళ్లు పట్టి, ఎవరూ కొనక గోడ పక్కన పడేసినవి. మేస్త్రన్న వెనక షెడ్డులో దుమ్ము తింటూ అంచులు కోసింది ఇలాంటివే.

"మంచివి లేవా అప్పా?" అన్నాను.

"మట్టి కిందికి పొయ్యేదానికి పాలిష్ ఎందుకమ్మా" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో ద్వేషం లేదు. లెక్క ఉంది, అంతే. ద్వేషమే ఉండి ఉంటే తిట్టి నా కసి తీర్చుకునేదాన్ని.

మొన్న మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. మేస్త్రన్న పోయి నలభైయో రోజు దాటి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. నేను ఎప్పటిలాగే కెటిల్ పట్టుకుని పోయాను. మొదటి మిషను మీద మేస్త్రన్న ఫోటో పెట్టారు. బంతిపూల దండ వేశారు. నుదుట ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. ఐదు పూటలా ఆయన నేలకు ఆనించిన నుదుటి మీద, ఆయన బతికుండగా ఎవరూ పెట్టని బొట్టు. ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టాలు దాన్ని ఫోను పట్టి తీసుకుంటున్నారు. "చూడండి, మా ఓనరు మనసు" అని ఎవరో అంటున్నారు. వదినను పిలిచారు గానీ ఆమె రాలేదు. మంచి పని చేసింది.

పూజ అయింది. ఓనరు గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి వెలిగించాడు. చుట్టూ చూశాడు. భయ్యా తన మిషను పక్కన, తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఓనరు కాయను అతని చేతుల్లో పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

"రా మామా. ఇంక మాకు నువ్వే. కొట్టు."

భయ్యా ఆ చేతిని చూశాడు. ఫోటోను చూశాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు.

అతను కాయ తిప్పలేదు. అడుగు ముందుకు వేయలేదు. మేస్త్రన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో, మేస్త్రన్న గొంతు తీరులోనే చెప్పాడు.

"కవరు ఇయ్యి అప్పా. కొడతా."

చప్పట్లకు లేచిన చేతులు అట్లాగే ఆగిపోయాయి. ఓనరు నవ్వు అలాగే ఉంది. ఆ నవ్వుతోనే మెల్లగా తల తిప్పి, వెనక వరసలో నిలబడిన మిగతా బీహారువాళ్లను ఒక్కొక్కరినీ చూడటం మొదలుపెట్టాడు, ఇందులో ఎవడు మామ అవుతాడా అని. వాళ్లు కదలకుండా నేల చూస్తున్నారు. కాయ మీద కర్పూరం కరిగి, తొక్క మీది తెల్లటి బూడిద పొర నల్లగా కాలి, మంట భయ్యా వేళ్ల దాకా పాకింది. అతను దించలేదు. రెండు చేతులా పట్టుకునే నిలబడ్డాడు. కర్పూరం కొండెక్కింది. కాయ ఇంకా పగల్లేదు.